పాల చీటీయే మొదటి పాఠం

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట చూచేవి నగదు పుస్తకం, పాల కొనుగోలు రిజిస్టరు, దాణా నిల్వ. ఆ తరువాత గోడ మీద ధరల పట్టిక వ్రేలాడుతున్నదా లేదా అని చూస్తాము. ఈ నాలుగూ సరిగా ఉంటే సంఘం సవ్యంగా నడుస్తున్నదని వ్రాసి, సంతకం చేసి, తరువాతి ఊరికి బయలుదేరుతాము. సర్వీసులో చేరిన నాటి నుంచీ ఇదే అలవాటు. ఈ అలవాటు నేటి కాలానికి చాలదని మాకు తెలియజెప్పినది ఏ శిక్షణ కేంద్రమూ కాదు, తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. ఆ సంగతి ముందు చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాము.

ఆ సంఘం పేరు ఇక్కడ అనవసరం. పాలు పోసే సభ్యులు నూట నలభై మంది, రెండు పూటలా కలిపి రోజుకు సుమారు 400 కిలోల గేదె పాలు. తూకం, వెన్న పరీక్ష, లెక్క, చీటీ అన్నీ కంప్యూటరు మీదనే జరుగుతాయి. కిలో వెన్న ధర 760 నుంచి 780 రూపాయలకు పెంచుతూ ఉత్తర్వు వచ్చింది. కార్యదర్శిగారు ఆ కాగితాన్ని శ్రద్ధగా గోడకు అంటించారు. యంత్రంలో మాత్రం పాత ధరే ఉండిపోయింది. ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు. యంత్రంలో ధర మార్చే విధానం దానిని బిగించిన కుర్రవాడికి తప్ప మరెవరికీ తెలియదు. ఆ కుర్రవాడేమో ఫోను చేసినప్పుడల్లా రేపు వస్తానంటూ వచ్చాడు. అలా పదకొండు రోజులు గడిచాయి.

అందులో అయిదో రోజున మేము తనిఖీకి వెళ్ళాము. గోడ మీద కొత్త ధర చూచాము. పుస్తకాలు కూడికలు వేశాము. అన్నీ సరిపోయాయి. సరిపోక ఏమవుతుంది, యంత్రం కట్టిన లెక్కనే పుస్తకంలోకి ఎక్కించారు గదా! సంతకం పెట్టి వచ్చాము.

పదకొండో రోజు సాయంత్రం ఆ అమ్మాయి తన నాయనమ్మతో కలిసి పాలు పోయడానికి వచ్చి, చేతిలో ఉన్న పొద్దుటి చీటీని, గోడ మీద ఉన్న ధరను పక్కపక్కన చూచింది. నాలుగు కిలోల పాలు, వెన్న 7 శాతం. అంటే 0.28 కిలో వెన్న. కొత్త ధరకు 218 రూపాయల 40 పైసలు రావాలి. చీటీలో 212 రూపాయల 80 పైసలే ఉన్నది. “అయిదు రూపాయల అరవై పైసలు ఏమయ్యాయండీ?” అని అడిగింది. కార్యదర్శిగారు మొదట కసురుకొన్నారట, యంత్రం తప్పు చెప్పదని. తరువాత ఆయనే కాగితం తీసి లెక్క వేసి, తల పట్టుకొన్నారు. నూట నలభై మందికి పదకొండు రోజులకు లెక్క తీస్తే 5,720 రూపాయలు. ఆ తేడా సొమ్మును తరువాతి బిల్లులో సభ్యులకు చెల్లించారు. ఎవరూ నష్టపోలేదు. మా సంతకం మాత్రం ఆ తనిఖీ పుస్తకంలో ఇంకా అలాగే ఉన్నది.

ఈ మధ్య పల్లెల్లో కంప్యూటరు చదువు, ఫోను చదువు పెంపొందించాలని ఎక్కడ విన్నా చెబుతున్నారు. మంచిదే. అయితే ఆ మాట వినగానే మన సంఘాల పాలకవర్గాలవారు “అది బడివాళ్ళ పని, మనకెందుకు” అనుకోవడం మేము చూస్తున్నాము. ఆ అమ్మాయి సంగతి చెప్పడంలో మా ఉద్దేశం అది మన పని కూడా అని చూపడానికే.

కంటికి కనిపించే లెక్క, కనిపించని లెక్క

యాభై దాటిన కార్యదర్శులకు పాత పద్ధతి గుర్తుండే ఉంటుంది. బ్యూటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, పిపెట్టుతో 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి, కదిపి, సెంట్రిఫ్యూజిలో తిప్పేవారు. తరువాత ఆ గాజు గొట్టాన్ని దీపం వెలుతురుకు ఎదురుగా పట్టుకొంటే పసుపు పచ్చని వెన్న గీత కనిపించేది. అక్షరం రాని సభ్యురాలు కూడా “ఏదీ, ఇటు చూపించు” అని అడిగి, తన కంటితో తాను చూచి వెళ్ళేది. తప్పు చదివితే పక్కనున్నవారు ఊరుకొనేవారు కాదు. ఆ పద్ధతిలో ఆలస్యం ఉన్నది, ఆమ్లంతో చేతులు కాలే ప్రమాదం ఉన్నది, మోసానికి తావు లేదనీ కాదు. కాని లెక్క అందరి కళ్ళ ముందూ జరిగేది.

ఇప్పుడు గిన్నెలో కాసిని పాలు పెడితే నిమిషంలోగా యంత్రం వెన్న శాతమూ, ఎస్.ఎన్.ఎఫ్. శాతమూ చెబుతున్నది. పాల గుండా శబ్ద తరంగాలను పంపి, అవి పోయే తీరును బట్టి ఈ అంకెలు కడుతుంది. ఆ అంకెలు తిన్నగా కంప్యూటరులోకి పోతాయి. తూకం యంత్రం నుంచి బరువు అదే విధంగా పోతుంది. లోపల ఉన్న ధరల పట్టికతో ఈ రెంటినీ కలిపి సొమ్ము తేలుతుంది. చీటీ వస్తుంది, ఫోనుకు సందేశమూ పోతుంది. పని త్వరగా అవుతుంది, వేసవిలో పాలు పులిసిపోకముందే బల్క్ కూలరుకు చేరుతాయి. ఇందులో మాకు ఎంత మాత్రమూ అభ్యంతరం లేదు. రాత్రి తొమ్మిది దాకా లాంతరు వెలుగులో రిజిస్టర్లు వ్రాసిన రోజులు మేము ఎరుగుదుము, వాటిని తిరిగి కోరుకొనేవారు ఎవరూ లేరు.

కాని యంత్రానికీ లోపాలు ఉంటాయి. ఆవు పాలకు, గేదె పాలకు యంత్రంలో వేర్వేరు అమరికలు ఉంటాయి. ఒక దానికి బదులు మరొకటి ఉంచితే అంకె మారుతుంది. లోపలి గొట్టాలను పూట పూటా కడగకపోతే అంకె మారుతుంది. అప్పుడప్పుడూ పాత పద్ధతిలో పరీక్ష చేసి దానితో సరిపోల్చి దిద్దుకోకపోతే అంకె మెల్లమెల్లగా పక్కకు జరిగిపోతుంది. అలాగే కిలో, లీటరు ఒకటి కాదు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. లీటర్లలో కొలిచి కిలోల లెక్క కట్టినా, కిలోల్లో తూచి లీటర్ల లెక్క కట్టినా నూటికి మూడు వంతుల తేడా వస్తుంది. ఇవన్నీ సభ్యులకు తెలియవలసిన సంగతులు. వారికి తెలియకపోతే సంఘానికి యజమానులు సభ్యులన్న మాట నియమావళిలోనే మిగిలిపోతుంది.

అందుచేత మా అభిప్రాయం ఒకటే. పల్లెలో కంప్యూటరు చదువు మొదలుపెట్టవలసినది మౌసు పట్టుకోవడంతోనూ కాదు, బొమ్మలు గీయడంతోనూ కాదు. సభ్యురాలి చేతిలో ఉన్న పాల చీటీతో మొదలుపెట్టాలి. తేదీ ఎక్కడున్నది, తన సంఖ్య ఏది, బరువు ఏది, వెన్న ఏది, ధర ఏది, ఫోనుకు వచ్చిన సందేశంలో ఇవే అంకెలు ఉన్నాయా, పది లేక పదిహేను రోజుల తరువాత బ్యాంకు ఖాతాలో పడిన సొమ్ము ఈ చీటీల మొత్తానికి సరిపోయిందా, దాణాకు ఎంత తగ్గించారు, అప్పు వాయిదాకు ఎంత తగ్గించారు. ఈ పాఠం వచ్చిన మనిషి తక్కిన పాఠాలు తానే అడిగి చెప్పించుకొంటుంది.

ఇది మా సొంత సిద్ధాంతం కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు వాచకంలోని పాఠాలు ఆడవాళ్ళ బ్రతుకుల నుంచే తీసుకొన్నారు. సారా వల్ల చితికిన సంసారం గురించి చదివిన దూబగుంట స్త్రీలు పలక పక్కన పెట్టి సారా దుకాణం మీదికి వెళ్ళారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పాఠం తమదైతే మనుషులు ఎంత వేగంగా చదువుతారో, చదివి ఏమి చేస్తారో చెప్పడానికి మన దగ్గర ఇంతకంటె దగ్గరి ఉదాహరణ లేదు.

ఇదివరకు జరిగిన ప్రయత్నాలు

పల్లెకు యంత్రం ద్వారా చదువు తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఒక ఏడాది పాటు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజను ప్రసారాలు చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. కోళ్ళ దొడ్డికి కట్టే ఇనుప జాలీతో తయారైన పెద్ద గొడుగును మిద్దె మీద నిలబెట్టి ప్రసారాలు అందుకొనేవారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. ఏడాది పూర్తి కాగానే ఉపగ్రహం తన దారిన తాను పోయింది, ప్రసారాలు ఆగాయి. కొన్ని చోట్ల తరువాత భూతల కేంద్రాల ద్వారా మళ్ళీ మొదలయ్యాయి, కొన్ని చోట్ల పెట్టెలు మూగబోయాయి.

అదే సమయంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మొదలైన పని ఇంకా ఎక్కువ కాలం నిలిచింది. ఖేడా అంటే మన పాడి సంఘాలకు పుట్టిల్లు, 1946లో ఆనంద్‌లో యూనియన్ వెలసిన జిల్లా. అక్కడ పీజ్ అనే ఊళ్ళో చిన్న ప్రసార కేంద్రం పెట్టి, అహమ్మదాబాదులోని అంతరిక్ష శాస్త్రజ్ఞులు, కార్యక్రమాలు తయారుచేసేవారు కలిసి సుమారు 400 గ్రామాలకు ప్రసారాలు నడిపారు. ఉమ్మడి టెలివిజను పెట్టెలు చాలా ఊళ్ళలో పాల సంఘం ఆవరణలోనే ఉండేవి. ఎందుకంటే ఊరిలో కులభేదం లేకుండా రోజుకు రెండు పూటలా అందరూ వరుసలో నిలబడే చోటు అదొక్కటే. కార్యక్రమాలు కూడా ఢిల్లీలో కూర్చొని తీసినవి కావు. ఆ పల్లెల్లోనే, ఆ పల్లె మాటలోనే తీసేవారు. కూలి, అంటరానితనం, పశువుల మేత, స్త్రీల కష్టాలు అందులో విషయాలు. గ్రామీణ ప్రసారాలలో చేసిన కృషికి 1984లో యునెస్కో బహుమతి ఈ ఖేడా ప్రయత్నానికి దక్కింది.

మరొక ఉదాహరణ మహారాష్ట్రలోని కొల్హాపూర్ ప్రాంతపు వారణానగర్. అక్కడ చెరకు సహకార కర్మాగారం, డెయిరీ, బడులు, కళాశాలలు అన్నీ సహకార రంగంలోనే పెరిగాయి. 1998లో కేంద్ర ప్రభుత్వ తోడ్పాటుతో సుమారు 70 గ్రామాలకు 54 కంప్యూటరు కేంద్రాలు నెలకొల్పారు. వ్యవసాయ సమాచారం, మార్కెట్ ధరలు, చదువు, ఉద్యోగాల వివరాలు అన్నీ ఆ కేంద్రాల ద్వారా అందాలని సంకల్పం. కొన్నేళ్ళ తరువాత చూస్తే ఆ కంప్యూటర్లు ఎక్కువగా ఉపయోగపడుతున్నది చెరకు లెక్కలకు, ఎరువుల లెక్కలకు, చెల్లింపు చీటీలకు మాత్రమే. తక్కిన ఆశయాలు చాలావరకు కాగితం మీదే ఉండిపోయాయి. అప్పుడు బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు ఏడు గ్రామాల్లో కంప్యూటరుకు బదులు మొబైలు ఫోను సందేశాలతో అవే లెక్కలు రైతుకు అందేట్టు ఏర్పాటు చేసి చూచారు. ఖర్చు తగ్గింది, రైతులకు సులువయింది.

ఈ వారణా సంగతిని కొందరు ఓటమిగా చెబుతారు. మేము అలా చెప్పము. రైతు తనకు అవసరమైన అంకె కోసమే కంప్యూటరు దగ్గరికి వచ్చాడు, అది తప్పు ఎట్లా అవుతుంది? ఆ వచ్చిన మనిషిని పట్టుకొని మరొక మెట్టు ఎక్కించే బోధకుడు అక్కడ లేడు, లోపం అది. ప్రతి ఊళ్ళోనూ పెట్టె పెట్టడానికి డబ్బు దొరుకుతుంది. పెట్టె పక్కన ఓపికగా కూర్చొనే మనిషికి జీతం ఇవ్వడానికే డబ్బు దొరకదు.

ఈ కాలపు సంగతికి వస్తే, 2017లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ డిజిటల్ అక్షరాస్యతకు ఒక పథకం ప్రారంభించింది. ఇంటికి ఒకరు చొప్పున ఆరు కోట్ల మందికి 20 గంటల శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. 2024 మార్చితో అది ముగిసింది. లక్ష్యానికి మించి శిక్షణ ఇచ్చారు. మా తాలూకాలోనూ చాలామంది ధ్రువపత్రాలు పొందారు. ఇంటికి ఒకరు అన్నప్పుడు ఆ ఒకరు ఎవరో చెప్పనక్కరలేదు, చాలా ఇళ్ళలో కొడుకే. పాలు పితికి, పాలు పోసి, చీటీ కొంగున ముడివేసుకొనే మనిషి ఇంట్లోనే ఉండిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది, తెలంగాణలో 26, 27 మంది. పురుషులలో ఇది 49, 57. ఈ అంకెలు అప్పటికంటె ఇప్పుడు పెరిగే ఉంటాయి. మగవారికీ ఆడవారికీ మధ్య ఎడం మాత్రం మా కళ్ళ ముందు ఇంకా ఉన్నది.

మన గది, మన వేళ

ఇప్పుడు మన సంఘాలు ఏమి చేయగలవో చూద్దాము. మనకు ఊరి నడుమ గది ఉన్నది. కరెంటు ఉన్నది, కరెంటు పోతే బ్యాటరీ ఉన్నది. చాలా చోట్ల ఇంటర్నెట్ కూడా ఉన్నది. పొద్దున ఎనిమిదిన్నరకు పాలసేకరణ ముగిసిన తరువాత సాయంత్రం నాలుగున్నర దాకా ఆ గదికి తాళమే. రాత్రి ఏడున్నర తరువాత మళ్ళీ తాళమే. 2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో పాఠాలు చెప్పారు. ఇంట్లో టెలివిజను లేని పిల్లలను పొరుగిళ్ళకు, పంచాయతీ గదులకు పంపవలసి వచ్చింది. మేము తిరిగిన ఊళ్ళలో ఒక్క పాల సంఘానికి కూడా తన గది తెరవాలని తోచలేదు. మాకూ తోచలేదు, ఉన్నమాట చెప్పాలి గదా.

మొట్టమొదట ఒక జాగ్రత్త. పాలు తూచే కంప్యూటరును చదువుకు వాడకూడదు. పిల్లలు ఆడుతూ ఒక మీట నొక్కితే నెల రోజుల లెక్కలు తారుమారవుతాయి. బయటి పెన్‌డ్రైవు పెడితే వైరస్ వస్తుంది. ఆ కంప్యూటరుకు రహస్య పదం ఉండాలి, అది చీటీ మీద వ్రాసి తెరకు అంటించి ఉండకూడదు. (నవ్వకండి, మేము మూడు సంఘాల్లో చూచాము.) ప్రతి వారం లెక్కల నకలు వేరే చోట భద్రపరచాలి. చదువుకు వేరే పరికరం కావాలి. దానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఒక మోస్తరు టెలివిజను, దానికి కలిపే ఒక ఫోను ఉంటే పది మందికి ఒకేసారి చూపవచ్చును. తక్కిన అభ్యాసం ఎవరి ఫోనులో వారే చేయాలి. ఇక్కడ ఒక చిన్న నియమం పెట్టుకోవలసిందని మా మనవి: నేర్పేవాడు నేర్చుకొనేవారి ఫోనును తన చేతిలోకి తీసుకోకూడదు. “ఇలా ఇవ్వమ్మా” అని లాక్కొని నాలుగు సార్లు నొక్కి ఇచ్చేస్తే పని అవుతుంది గాని చదువు రాదు.

నేర్పేవారి కోసం పట్నం వెళ్ళనక్కరలేదు. డిగ్రీ చదివే ఆడపిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వారానికి మూడు రోజులు, రోజుకు గంట. ఒక జట్టుకు ఏడెనిమిది మంది మించకూడదు. నేర్పే అమ్మాయికి నెలకు కొంత గౌరవ వేతనం తప్పక ఇవ్వాలి. ఊరికే సేవ చేయమంటే రెండు నెలలకు మించి సాగదు. డబ్బు ఎక్కడి నుంచి అంటే, మీ సంఘం నియమావళిలో లాభాల పంపిణీ నియమం తీసి చూడండి, సహకార విద్యకు కేటాయింపు సాధారణంగా అక్కడ కనిపిస్తుంది. చాలా సంఘాల్లో ఆ పద్దు కింద సొమ్ము ఏటేటా వ్రాసుకోవడమే గాని ఖర్చు పెట్టడం మేము చూడలేదు. అనుమానం ఉంటే ఖర్చుకు ముందు మీ యూనియన్‌నో, సహకార శాఖ కార్యాలయాన్నో వ్రాతమూలకంగా అడగండి. ఈ కేటాయింపు వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ నేతపనివారు తమ దుకాణం ప్రారంభించి, దశాబ్దం తిరగకముందే పైఅంతస్తులో పుస్తకాల గది పెట్టి, మిగులులో నూటికి రెండున్నర వంతు చదువుకు కేటాయించడం మొదలుపెట్టారు. ఉప్పు, పిండి, వెన్న అమ్మే దుకాణం వారిది.

మన గడ్డ మీద కూడా పుస్తకం సరుకు వెంటనే నడిచింది. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో కొమ్మమూరు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవలు పోయే దారిలో పడవనే వాడుకొన్నారు. మన దారిలో పోయేవి పాల లారీలు, ఫోనులు.

చీటీ పాఠం తరువాత ఏమి చెప్పాలన్నది సభ్యుల అవసరాన్ని బట్టి ఉంటుంది. పశువు చెవికి వేసిన బిళ్ళ మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య మీదనే పశువుకు ఎప్పుడు సూది మందు వేయించారు, ఎప్పుడు టీకా వేయించారు అన్నది నమోదవుతుంది. దాన్ని చదవడం, వ్రాసుకోవడం రెండో పాఠం కావచ్చును. 2020లో విడుదలైన ఈ-గోపాల యాప్‌లో పశువుల మేత, వైద్యం వివరాలు ఉన్నాయి. సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోను చేయడం, ఊరి పేరు, పశువు లక్షణాలు తడబడకుండా చెప్పడం, ఇదీ ఒక పాఠమే. బడిపిల్లలకైతే పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే దీక్ష అనే వేదికలోని పాఠాలు తెరుచుకొంటాయి. ఇంటర్, డిగ్రీ పిల్లలకు స్వయం అనే వేదికలో పెద్ద విద్యాసంస్థల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష వ్రాసి పత్రం కావాలంటేనే రుసుము కట్టాలి. మధ్యలో చదువు మానిన కోడళ్ళకు సార్వత్రిక పాఠశాల ఉన్నది, 1982లో మన హైదరాబాదులోనే దేశంలో మొట్టమొదటగా వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉన్నది. వీటి దరఖాస్తులన్నీ ఇప్పుడు కంప్యూటరులోనే. నింపడం రాక, తేదీ దాటిపోయి, ఒక సంవత్సరం పోగొట్టుకొన్న పిల్లలు మాకు తెలుసు. సంఘం గదిలో ఆ దరఖాస్తు నింపించినా గొప్ప మేలే.

మోసాల గురించిన పాఠాన్ని మాత్రం ఆఖరికి నెట్టవద్దు. పాల సొమ్ము బ్యాంకులో పడుతున్న కొద్దీ దొంగలు కూడా అటే వస్తున్నారు. ఇంతకు ముందు గొలుసు దొంగలు, ఇప్పుడు ఫోను దొంగలు. సభ్యులకు నోటికి రావలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు బ్యాంకు మేనేజరు అడిగినా చెప్పకూడదు, అసలు మేనేజరు అడగడు. మనకు డబ్బు రావడానికి యూపీఐ రహస్య సంఖ్య కొట్టవలసిన అవసరం ఎన్నడూ లేదు. ఆ సంఖ్య కొట్టామంటే మన డబ్బు పోతున్నదని అర్థం. వేలిముద్ర వేసిన ప్రతిసారీ ఎంత సొమ్ముకు వేశామో అడిగి, చీటీ తీసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. మరునాడు కొడుకు వచ్చాక చూద్దాము అనుకొంటే ఆ సొమ్ము అప్పటికే నాలుగు ఖాతాలు మారి ఉంటుంది. ఈ పాఠం చెప్పేటప్పుడు భయపెట్టి ఫోను ముట్టకుండా చేయకూడదు. కత్తిపీట తెగుతుందని వంట మానము గదా.

ఒక అభ్యంతరం పాలకవర్గ సభ్యులు మాతో తరచుగా అంటారు: “అందరికీ అన్నీ నేర్పితే రేపు ప్రతి చీటీకీ తగువు పెడతారు, పాలు తూచేదెప్పుడు?” దీనిని మేము తేలికగా తీసివేయము. కార్యదర్శి ఒక్కడే, వరుస పెద్దది, రూటు లారీ హారన్ కొడుతుంటుంది. అందుకే తగువులకు వేరే వేళ పెట్టాలి. వారానికి ఒక రోజు సాయంత్రం సేకరణ అయ్యాక అరగంట చీటీల వేళ. అనుమానం ఉన్నవారు చీటీలు పట్టుకొని రావాలి, యంత్రంలోని ధరల పట్టికను టెలివిజను తెర మీద అందరికీ చూపాలి. మేము మొదట చెప్పిన సంఘంలో ఇలాగే చేస్తున్నారు. మొదటి నెలలో ఇరవై పైగా చీటీలు వచ్చాయి. అందులో సంఘం తప్పు రెండే, తక్కినవి సభ్యులు అర్థం చేసుకోవడంలో పొరపాట్లు. ఇప్పుడు వారానికి ఒకటో రెండో వస్తున్నాయి. కార్యదర్శిగారు మాతో అన్న మాట, “ఇదివరకు వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు ముందరే అడుగుతున్నారు, నాకు నిద్ర పడుతోందండి.”

రానున్న సర్వసభ్య సమావేశాల్లో ఈ విషయం చర్చకు పెట్టదలచిన సంఘాలు తీర్మానంలో గది వాడుకొనే వేళలు, తాళంచెవి ఎవరి వద్ద ఉంటుంది, నేర్పేవారి పేరు, గౌరవ వేతనం, ఏ పద్దు నుంచి చెల్లింపు అన్నవి స్పష్టంగా వ్రాసుకోవాలి. మొదటి జట్టులో సగానికి తగ్గకుండా పాలు పోసే స్త్రీలు ఉండాలని కూడా చేర్చుకొంటే మంచిది. మా తనిఖీ జాబితాలో ఈ ఏడాది నుంచి మేము రెండు ప్రశ్నలు చేర్చుకొన్నాము. యంత్రంలో ధర మార్చడం తెలిసినవారు సంఘంలో ఎంతమంది, వారి పేర్లేమిటి అన్నది ఒకటి. వరుసలో నిలబడిన ముగ్గురు సభ్యుల చీటీలు తీసుకొని, గోడ మీది ధరతో మేమే లెక్క కట్టి చూడడం రెండవది. ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఆ లెక్క తామే కట్టగలిగితే ఆ సంగతిని కూడా తనిఖీ పుస్తకంలో వ్రాస్తున్నాము.